ఇథీరియం కాయినా, కంప్యూటరా? మొదటి నుంచి చెప్పేవాళ్ళు కావాలి

మదనపల్లె_మాధవి
మూడు వారాలుగా ఇదే టెన్షన్. నేను బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాను, ఐదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. పోయిన నెల మా టీమ్‌ని బ్లాక్‌చెయిన్ ప్రాజెక్ట్‌లోకి మార్చారు. మొదటి మీటింగ్‌లో నోడ్, లెడ్జర్, కాంట్రాక్ట్ అంటూ గంటసేపు చెప్పారు. అందరూ తల ఊపుతుంటే అడగడానికి మొహమాటం వేసింది.

ఆ వారమే మా పెద్దమ్మ కొడుకు కేఆర్ పురం నుంచి వచ్చాడు. "నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదా, ఏ కాయిన్ కొనాలో చెప్పు, రెండు లక్షలు పెడతా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆఫీసులో చేసే పనికీ వాడు అడిగే కాయిన్‌కీ సంబంధం ఏమిటో నాకే తెలియదు. బిట్‌కాయిన్ అంటే కాయిన్, సరే. మరి ఇథీరియంని కొందరు కాయిన్ అంటారు, కొందరు ప్లాట్‌ఫామ్ అంటారు. ఏది నిజం? వీడియోలు చూస్తే సగం "మార్చలేని గొలుసు" దగ్గర ఆగిపోతాయి, మిగతా సగం ధరల చార్టులు.

ఇంకో సంగతి. 2016లో మా అమ్మ మదనపల్లెలో చిట్టీ వేసి లక్షా ఎనభై వేలు పోగొట్టుకుంది. పుస్తకం నడిపే ఆవిడ దగ్గరే ఉండేది, ఆవిడ ఏం రాస్తే అదే లెక్క. అందుకే "ఏ ఒక్కరి చేతిలోనూ ఉండని పుస్తకం" అనే మాట వినగానే ఇది నిజంగా అర్థం చేసుకోవాలనిపించింది. ఓపిక ఉన్నవాళ్ళు మొదటి నుంచి చెప్పండి.

సిల్క్‌బోర్డ్_శీను
ఏది కొనాలి అని కాకుండా ఇది ఏమిటి అని అడిగిన పోస్టు ఇక్కడ చూసి చాలా రోజులైంది. నాకూ కావాలి. ఫాలో అవుతున్నా.

లెక్కల_మాస్టారు
అమ్మా మాధవీ, నీ చిట్టీ పుస్తకంతోనే మొదలుపెడదాం.

చిట్టీలో ఇరవై మంది ఉన్నారనుకో. పుస్తకం ఒకావిడ దగ్గర కాకుండా ఇరవై మంది దగ్గరా ఒక్కో పుస్తకం ఉంది. నెలనెలా అందరూ కూర్చుని, ఎవరు ఎంత కట్టారో, పాట ఎవరు పాడారో ఒకేసారి రాసుకుంటారు. ఇప్పుడు ఒకరు తన పుస్తకంలో అంకె దిద్దితే మిగతా పందొమ్మిది పుస్తకాలతో సరిపోదు, దొరికిపోతారు. ఇది మొదటి సగం.

రెండో సగం: ప్రతి పేజీ పైన, వెనక పేజీలో ఉన్నదంతా కలిపి తీసిన ఒక గుర్తు రాస్తారు. దాన్ని హ్యాష్ అంటారు. బిట్‌కాయిన్‌లో వాడేది ఎస్‌హెచ్‌ఏ-256. దానికి ఒక్క పదం ఇచ్చినా పెద్ద గ్రంథం ఇచ్చినా 64 అక్షరాల గుర్తే వస్తుంది. లోపల ఒక్క కామా మారినా ఆ 64 అక్షరాల రూపురేఖలే మారిపోతాయి. మూడో పేజీలో అంకె దిద్దితే నాలుగో పేజీ పైనున్న గుర్తు తప్పవుతుంది. దాన్ని దిద్దితే ఐదోది తప్పవుతుంది. పేజీని బ్లాక్ అంటున్నారు, ఈ గుర్తుల వరసను చెయిన్ అంటున్నారు. అంతే.

ఈ గొలుసు ఆలోచన బిట్‌కాయిన్‌తో పుట్టలేదు. 1991లోనే హేబర్, స్టోర్నెట్టా అనే ఇద్దరు, డాక్యుమెంట్లకు తేదీ ముద్ర వేసి తర్వాత ఎవరూ మార్చకుండా ఉండే పద్ధతి రాశారు. బిట్‌కాయిన్ పత్రంలో వాళ్ళ పేర్లు ఉన్నాయి. సతోషి నకమోటో అనే పేరుతో ఆ పత్రం 2008 అక్టోబర్ 31న వచ్చింది. మొదటి బ్లాక్ 2009 జనవరి 3న.

కడప_కిరణ్
మాస్టారూ, పోలిక బాగుంది కానీ మాధవి గారి అమ్మ డబ్బును ఇది కాపాడేది కాదు. అక్కడ పుస్తకం తప్పుగా ఉండటం ఒక్కటే సమస్య కాదు కదా, ఆవిడ డబ్బు తీసుకుని వెళ్ళిపోయింది. ఇరవై మంది దగ్గరా సరైన లెక్క ఉండేది, డబ్బు మాత్రం ఉండేది కాదు. ఈ తేడా చెప్పకుండా వదిలేస్తే "బ్లాక్‌చెయిన్ ఉంటే మోసం ఉండదు" అని నమ్మేస్తారు. నేను పదేళ్ళుగా డేటాబేస్ పని చేస్తున్నాను, ఈ మాట వినీ వినీ విసిగిపోయాను.

లెక్కల_మాస్టారు
ఒప్పుకుంటున్నాను కిరణ్. పుస్తకం వేరు, పెట్టె వేరు. నేను చెప్పింది పుస్తకం గురించే.

మదనపల్లె_మాధవి
కిరణ్ గారు చెప్పింది నిజమే. రసీదులన్నీ అమ్మ దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

ఇంకో డౌట్. ఇరవై మంది కూర్చుని ఒకేసారి రాస్తారన్నారు. బిట్‌కాయిన్‌లో ఒకరినొకరు చూడను కూడా చూడరు. కొత్త పేజీ ఎవరు రాయాలో ఎవరు తేలుస్తారు?

వైట్‌ఫీల్డ్_వాసు
అసలు చిక్కంతా అక్కడే, మీరు సూటిగా దానికే వచ్చారు. నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెబుతా.

పేర్లు లేని చోట "మనిషికో ఓటు" పెట్టలేం. ఒకడే లక్ష పేర్లు సృష్టిస్తాడు. అందుకని దొంగతనంగా సృష్టించలేని దేన్నైనా ఓటుకు కొలత చేయాలి. బిట్‌కాయిన్ ఎంచుకున్నది కరెంటు, కంప్యూటర్ శ్రమ. అందరూ ఒక లెక్క మీద పోటీ పడతారు. అది తెలివితో తేలే లెక్క కాదు, కోట్ల కోట్ల సార్లు ప్రయత్నించి చూడాల్సిందే. ముందుగా జవాబు దొరికినవాళ్ళు పేజీ రాసి బహుమతి తీసుకుంటారు. దీన్నే మైనింగ్ అంటారు. సగటున పది నిమిషాలకు ఒక పేజీ. కంప్యూటర్లు పెరిగినా తగ్గినా ఆ పది నిమిషాలు నిలబడేలా ప్రతి 2,016 బ్లాకులకోసారి లెక్క కష్టాన్ని సవరించుకుంటుంది.

బహుమతి మొదట 50 బిట్‌కాయిన్లు. 2,10,000 బ్లాకులకోసారి, అంటే సుమారు నాలుగేళ్ళకోసారి సగమవుతుంది. 2024 ఏప్రిల్ నుంచి 3.125. ఇలా తగ్గుతూ పోతే మొత్తం 2 కోట్ల 10 లక్షలు దాటవు.

బీటీఎం_బాలు
ఆ కరెంటు సంగతి నేను కళ్ళారా చూశాను. 2021లో మా ఫ్లాట్‌లో రూమ్మేట్ హాల్లో ఆరు గ్రాఫిక్స్ కార్డులు పెట్టి ఈథర్ (ఇథీరియం నాణెం) మైనింగ్ చేసేవాడు. బెంగళూరు డిసెంబర్ చలిలో కూడా హాల్లో ఫ్యాన్ తిరగాల్సిందే. ఉతికిన బట్టలు గంటలో ఆరిపోయేవి, అదొక్కటే లాభం. కరెంటు బిల్లు చూసి ఓనర్ ఆంటీ పైకి వచ్చారు, పెద్ద గొడవ. తర్వాతి ఏడాది సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగే ఆపేసింది. వాడు కార్డులన్నీ ఎస్పీ రోడ్డులో సగం ధరకు అమ్ముకున్నాడు.

వైట్‌ఫీల్డ్_వాసు
2022 సెప్టెంబర్ 15. దాన్నే మెర్జ్ అంటారు. ఆ రోజు నుంచి కరెంటు బదులు జామీను పద్ధతి. 32 ఈథర్ తాకట్టు పెట్టినవాళ్ళు పేజీ రాసే వరసలో నిలబడతారు. ఒకే వంతులో రెండు వేర్వేరు పేజీలకు సంతకం పెట్టడం లాంటి దొంగ పని చేస్తే తాకట్టులో కోత పడుతుంది. కరెంటు వాడకం 99 శాతానికి పైగా పడిపోయింది. ఇప్పుడు 12 సెకన్లకో బ్లాక్.

ఇక మాధవి గారి అసలు ప్రశ్న: కాయినా, కంప్యూటరా?

బిట్‌కాయిన్ పుస్తకంలో ప్రధానంగా ఒకే రకం వాక్యం ఉంటుంది: "ఈయన నుంచి ఆయనకు ఇంత." 2013 చివర్లో విటాలిక్ బ్యుటెరిన్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు, పుస్తకంలో వాక్యాలే కాదు, షరతులు కూడా రాయగలిగితే ఎలా ఉంటుందని పత్రం రాశాడు. "ఇరవై మందీ కట్టాక, ఎక్కువ తగ్గించి పాడినవాళ్ళకు మొత్తం వెళ్ళాలి" లాంటి షరతు. అది ప్రోగ్రామ్ కదా. ప్రోగ్రామ్ నడవాలంటే కంప్యూటర్ కావాలి. ఆ కంప్యూటర్ ఎవరిది? అందరిదీ. నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి నోడ్, అంటే పుస్తకం కాపీ ఉన్న ప్రతి కంప్యూటర్, అదే ప్రోగ్రామ్‌ను అదే వరసలో నడిపి, అందరికీ ఒకే జవాబు వచ్చిందో లేదో చూసుకుంటుంది. 2015 జులై 30న మొదలైంది. ఆ ప్రోగ్రామ్‌నే స్మార్ట్ కాంట్రాక్ట్ అంటారు.

ఇప్పుడు కాయిన్ ఎందుకో చూడండి. ఎవడైనా ఎప్పటికీ ఆగని ప్రోగ్రామ్ పెట్టాడనుకోండి. ప్రపంచంలోని నోడ్లన్నీ అందులో ఇరుక్కుపోతాయి. అందుకే ప్రతి చిన్న పనికీ ఒక ధర పెట్టారు, దాని పేరు గ్యాస్. ఒకరికి ఈథర్ పంపడానికి 21,000 గ్యాస్. ఒక కొత్త గడిలో 32 బైట్ల విలువ రాసి ఉంచాలంటే అదొక్కదానికే 20,000 పైన. మీరు ఇచ్చిన గ్యాస్ అయిపోతే ప్రోగ్రామ్ ఆగుతుంది, చేసినదంతా వెనక్కి పోతుంది, ఫీజు మాత్రం తిరిగి రాదు. ఆ ఫీజు కట్టే నాణెమే ఈథర్.

కాబట్టి ఇథీరియం కంప్యూటర్. ఈథర్ దాని చార్జీ. మీ అన్నయ్య కొంటానంటున్నది చార్జీ టోకెన్‌ని.

సిల్క్‌బోర్డ్_శీను
అంటే గ్యాస్ ఆటో మీటర్ లాంటిదా?

బీటీఎం_బాలు
బెంగళూరులో మీటర్ వేసిన ఆటో ఎక్కడ దొరికిందో ముందు చెప్పు, నేనూ వస్తా.

వైట్‌ఫీల్డ్_వాసు
నవ్వుకోండి కానీ ఆ పోలిక చక్కగా సరిపోతుంది. 2021 ఆగస్టు నుంచి ఫీజు రెండు ముక్కలు. ఒకటి బేస్ ఫీజు, అది మీటర్. రద్దీని బట్టి బ్లాక్ బ్లాక్‌కీ మారుతుంది. రెండోది టిప్, మన "మీటర్ మీద ఇరవై". తొందరుంటే ఎక్కువ ఇస్తారు. మీటర్ డబ్బు ఎవరి జేబులోకీ వెళ్ళదు, ఆ ఈథర్ చెరిగిపోతుంది. టిప్ మాత్రం పేజీ రాసినవాళ్ళకు.

లెక్క కూడా చూడండి. గ్యాస్ ధరను గ్వీలో చెబుతారు, ఈథర్‌లో వందకోట్లవ వంతు. 20 గ్వీ ఉన్న రోజున మామూలు బదిలీకి 21,000 ఇంటూ 20, అంటే 4,20,000 గ్వీ. అది 0.00042 ఈథర్. వంద రూపాయలు పంపినా కోటి పంపినా అంతే.

కడప_కిరణ్
వేల మిషన్లు ఒకే లెక్కను మళ్ళీ మళ్ళీ చేసే కంప్యూటర్! 32 బైట్లు రాయడానికి డబ్బు! మా ఆఫీసులో పాత సర్వర్ ఒక్కటి సెకనుకు ఇంతకు వందల రెట్లు రాస్తుంది. వాసూ, నిజం చెప్పు, నువ్వు చూసిన పది ప్రాజెక్టుల్లో మామూలు డేటాబేస్ సరిపోనివి ఎన్ని?

వైట్‌ఫీల్డ్_వాసు
తక్కువే. రాసేవాళ్ళందరూ ఒకే కంపెనీ అయితే డేటాబేసే మేలు, నేను కూడా క్లయింట్లకు అదే చెబుతాను. ఒకరినొకరు నమ్మని నాలుగు పార్టీలు ఒకే లెక్క రాసుకోవాలి, మధ్యలో ఎవరినీ పెద్దమనిషిగా ఒప్పుకోరు, అలాంటప్పుడే దీని అవసరం. నిదానంగా నడవడం ఆ నమ్మకానికి కట్టే ధర. ఆ ధరను తగ్గించడానికే పైన రెండో అంతస్తు నెట్‌వర్కులు వచ్చాయి. చాలా లావాదేవీలను అక్కడ చేసేసి సారాంశాన్ని మాత్రం కింద ఇథీరియంలో రాస్తాయి. 2024 మార్చిలో ఇథీరియంలో చేసిన మార్పు తర్వాత అక్కడ ఫీజులు బాగా తగ్గాయి. మనవాళ్ళు 2017లో మాటిక్ పేరుతో మొదలుపెట్టి తర్వాత పాలిగాన్‌గా మార్చింది కూడా ఇథీరియం మీద రద్దీ తగ్గించడానికే.

మాధవి గారూ, మీ ఆఫీసులో వాడేది ఏది? పేరు చెబితే సగం తేలిపోతుంది.

మదనపల్లె_మాధవి
హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్. మందుల సరఫరా ప్రాజెక్ట్.

వైట్‌ఫీల్డ్_వాసు
అయితే మీ అన్నయ్యకు జవాబు దొరికినట్టే. ఫ్యాబ్రిక్‌లో కాయినే లేదు. అది లైనక్స్ ఫౌండేషన్ కింద నడిచే ప్రాజెక్ట్. అందులో పిలిచినవాళ్ళే చేరతారు, ప్రతి ఒక్కరికీ గుర్తింపు సర్టిఫికెట్ ఉంటుంది. తయారీదారు, రవాణా, ఆసుపత్రి, ఎవరెవరో ముందే తెలుసు. పేరు తెలిసినవాళ్ళ మధ్య కరెంటు పోటీ అక్కర్లేదు, జామీను అక్కర్లేదు, గ్యాస్ అక్కర్లేదు. మీ టీమ్‌లో చెయిన్‌కోడ్ అంటున్నారే, అదే ఇక్కడి స్మార్ట్ కాంట్రాక్ట్.

మదనపల్లె_మాధవి
అబ్బ! మూడు వారాలుగా మా సిస్టమ్‌లో కాయిన్ ఎక్కడ ఉందా అని వెతుకుతున్నాను. లేనిది ఎలా దొరుకుతుంది! చాలా థ్యాంక్స్ వాసు గారూ.

అరకు_అరుణ
కాయిన్ లేని బ్లాక్‌చెయిన్ అంటే గుర్తొచ్చింది. ఇక్కడ బెంగళూరులోనే ఉన్న కాఫీ బోర్డు 2019 మార్చిలో బ్లాక్‌చెయిన్ మీద కాఫీ మార్కెట్ ప్రయోగం మొదలుపెట్టింది. రైతుకు కొనేవాళ్ళు నేరుగా కనిపించాలి, గింజ ఎక్కడిదో తాగేవాళ్ళకు తెలియాలి అనేది ఉద్దేశం. మాది కాఫీ తోట ఉన్న ఇల్లు కాబట్టి ఆశగా చదివాను. మా నాన్న అడిగింది ఒక్కటే: "బస్తాలో ఏ గింజ పోశామో ఆ కంప్యూటర్ చూస్తుందా?"

కడప_కిరణ్
మీ నాన్నగారికి దండం. నేను ఇంతసేపూ చెబుతున్నది అదే. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో భూమి రికార్డులకు కూడా బ్లాక్‌చెయిన్ ప్రయోగం మొదలుపెట్టారు. ఎక్కాక ఎవరూ దిద్దలేరు, మంచిదే. ఎక్కించేటప్పుడే అడంగల్‌లో తప్పు పేరు ఉంటే? మా తాత పొలం రెండెకరాలు ముప్పై ఏళ్ళుగా వేరొకరి పేరున ఉంది. దాన్ని తీసుకెళ్ళి చెయిన్ మీద పెడితే ఆ తప్పుకు తాళం వేసినట్టే.

లెక్కల_మాస్టారు
తాళం కూడా నువ్వనుకున్నంత గట్టిది కాదు కిరణ్. అందరూ ఒప్పుకుంటే పుస్తకాన్నే మార్చిన సందర్భం ఉంది.

2016లో ఇథీరియం మీద ద డావో అని ఒక పెద్ద కాంట్రాక్ట్ పెట్టారు. జనం ఈథర్ వేస్తే ఓట్లతో పెట్టుబడులు పెట్టే ఉమ్మడి నిధి లాంటిది. కోడ్‌లో ఒక లోపం. డబ్బు వెనక్కి ఇచ్చేటప్పుడు ముందు డబ్బు పంపి, తర్వాత ఖాతాలో తగ్గించేది. ఆ రెండింటి మధ్య సందులో మళ్ళీ మళ్ళీ అడిగితే మళ్ళీ మళ్ళీ ఇచ్చేది. జూన్‌లో ఎవరో అలాగే సుమారు 36 లక్షల ఈథర్ లాగేశారు. కోడ్ ఎలా రాశారో అలాగే నడిచింది కాబట్టి అది దొంగతనం కాదని కొందరు, దొంగతనమేనని కొందరు. చివరికి జులై 20న ఎక్కువమంది ఆ లావాదేవీల ఫలితాన్ని రద్దు చేసే కొత్త నియమంతో ముందుకు వెళ్ళారు. ఒప్పుకోనివాళ్ళు పాత పుస్తకాన్నే కొనసాగించారు. ఇథీరియం క్లాసిక్ అంటే అదే.

టెస్టింగ్ పని చేసే అమ్మాయివి కాబట్టి చెబుతున్నాను మాధవీ, ఇలాంటి సందు వెతకడం ఈ రంగంలో చాలా విలువైన పని. ఒకసారి పెట్టిన కాంట్రాక్ట్‌ను మామూలు యాప్ లాగా సాయంత్రానికి ప్యాచ్ చేయడం కుదరదు.

సిల్క్‌బోర్డ్_శీను
ఇదంతా మన దేశంలో చట్టబద్ధమేనా? 2018 అక్టోబర్‌లో పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు మాల్‌లో బిట్‌కాయిన్ మిషన్ పెట్టారు, కొన్ని రోజులకే పోలీసులు పట్టుకెళ్ళారు. అప్పటి నుంచి నాకు భయం.

ఆడిటర్_అనూరాధ
నేను జయనగర్‌లో ప్రాక్టీస్ చేస్తాను. 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్, క్రిప్టో వ్యాపారాలకు బ్యాంకులు సేవలు ఇవ్వకూడదని సర్క్యులర్ ఇచ్చింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కొనడం, అమ్మడం నేరం కాదు. అలాగని ఇది రూపాయిలా చెల్లుబాటు కరెన్సీ కూడా కాదు. 2023 మార్చి నుంచి ఎక్స్చేంజీలు, అంటే కాయిన్లు కొని అమ్మే యాప్‌లు, మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చాయి.

పన్ను మాత్రం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే నా దగ్గరికి ఏడుస్తూ వచ్చేది దీనికే. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్. ఒక కాయిన్‌లో నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తీసేయడానికి వీల్లేదు. పోయిన ఏడాది ఒక కుర్రాడికి ఒకదాంట్లో 40 వేలు లాభం, ఇంకోదాంట్లో 50 వేలు నష్టం. చేతిలోంచి పది వేలు పోయాయి. అయినా 40 వేల మీద 12,000, సెస్ 480, మొత్తం 12,480 కట్టాడు. నమ్మలేక నన్ను మూడుసార్లు అడిగాడు. అమ్మినప్పుడు కోసే 1 శాతం టీడీఎస్ దీనికి వేరే పన్ను కాదు, అది ఇందులో సర్దుబాటవుతుంది. ఒక కాయిన్ ఇచ్చి ఇంకో కాయిన్ తీసుకున్నా అది అమ్మకమే, రూపాయి చేతికి రాకపోయినా సరే.

బీటీఎం_బాలు
కాయిన్‌కి కాయిన్ కూడా అమ్మకమేనా! నేను రేపే మీలాంటి ఆడిటర్ దగ్గర కూర్చోవాలి అనూరాధ గారూ.

నెల్లూరు_నాగరాజు
మాధవి అక్కా, మీ అన్నయ్యకు నా సంగతి చూపించండి. నేను ఒక పెద్ద ఎక్స్చేంజ్ యాప్‌లో లక్షా పది వేలు పెట్టాను. పెట్టిన డబ్బు పెరుగుతూ వచ్చింది కూడా. 2024లో ఆ ఎక్స్చేంజ్ వాలెట్‌ని హ్యాక్ చేశారు. ఒక్క రాత్రిలో విత్‌డ్రా బటన్ పనిచేయడం మానేసింది. యాప్‌లో నా అంకె అలాగే కనిపించేది, తీయడానికి ఉండేది కాదు. చెల్లి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు అది. ఆ నెలలు ఎలా గడిచాయో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

అప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, నా దగ్గర ఉన్నవి కాయిన్లు కావు. ఎక్స్చేంజ్ వాళ్ళ పుస్తకంలో నా పేరు మీద ఒక అంకె. మళ్ళీ అదే చిట్టీ ఆవిడ పుస్తకం.

వైట్‌ఫీల్డ్_వాసు
నాగరాజు, ఇంత ఓపెన్‌గా రాసినందుకు థ్యాంక్స్ తమ్ముడూ. ఇది అందరూ చదవాలి.

సొంత వాలెట్ సంగతి కూడా చెబుతా. వాలెట్‌లో కాయిన్లు ఉండవు, అవి ఎప్పుడూ పుస్తకంలోనే ఉంటాయి. వాలెట్‌లో ఉండేది సంతకం పెట్టే రహస్య కీ. దాన్ని తిరిగి రప్పించేవి 12 లేదా 24 పదాలు, 2,048 పదాల జాబితా నుంచి వస్తాయి. ఆ పదాలు ఎవరికి తెలిస్తే డబ్బు వాళ్ళది. పోగొట్టుకుంటే తిరిగి ఇచ్చే బ్రాంచ్ మేనేజర్ లేడు. స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో పెట్టుకోకండి, వాట్సాప్‌లో పంపుకోకండి. కస్టమర్ కేర్ అంటూ ఎవరడిగినా చెప్పకండి.

వర్తూరు_వేణు
ఎక్స్చేంజ్ కూడా కాదు, అసలు కాయినే లేని మోసాలు ఎక్కువ. మా మామయ్యను ఒక టెలిగ్రామ్ గ్రూపులో చేర్చారు. యాప్‌లో రోజుకు 2 శాతం పెరుగుతున్నట్టు కనిపించేది. మొదట ఐదు వేలు తీసి చూపించారు, నమ్మకం కుదిరింది. నాలుగు లక్షలు పెట్టాక తీద్దామంటే "ముందు పన్ను 60 వేలు కట్టండి" అన్నారు. అది కూడా కట్టాడు! ఆ యాప్‌లో అంకెలు వాళ్ళు టైప్ చేసినవే, ఏ చెయిన్ మీదా ఏమీ లేదు. అలా జరిగితే గంటలు లెక్క, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మేము తొమ్మిది రోజులు ఆగి చేశాం.

అరకు_అరుణ
ఆర్‌బీఐ డిజిటల్ రూపాయి కూడా ఇలాంటిదేనా? మా బ్యాంక్ యాప్‌లో వస్తోంది.

ఆడిటర్_అనూరాధ
కాదు. అది రూపాయే, రిజర్వ్ బ్యాంకే జారీ చేస్తుంది, విలువ పెరగదు తరగదు. 2022 డిసెంబర్ 1న మామూలు జనానికి ప్రయోగం మొదలైనప్పుడు నాలుగు నగరాల్లో బెంగళూరు ఒకటి. క్రిప్టో పన్ను నియమాలు దానికి వర్తించవు.

మదనపల్లె_మాధవి
ఇవన్నీ చదువుతుంటే ఒక ఆలోచన వచ్చింది. వాసు గారు షరతు రాయొచ్చన్నారు కదా. చిట్టీనే కాంట్రాక్ట్‌గా రాస్తే? అప్పుడు డబ్బు ఏ ఆవిడ దగ్గరా ఉండదు, కాంట్రాక్ట్‌లోనే ఉంటుంది. కిరణ్ గారు మొదట చెప్పిన "పెట్టె" సమస్య తీరిపోతుంది కదా?

కడప_కిరణ్
నడిపే మనిషి పారిపోయే సమస్య తీరుతుంది, అది ఒప్పుకుంటా. మరి మొదటి నెలే పాట పాడి డబ్బు తీసుకున్నవాడు రెండో నెల నుంచి కట్టకపోతే?

వైట్‌ఫీల్డ్_వాసు
ఇద్దరూ మంచి చోటికి వచ్చారు. రాసి చూడండి మాధవి గారూ, రూపాయి ఖర్చు లేకుండా. బ్రౌజర్‌లో రీమిక్స్ తెరవండి, కాంట్రాక్టులు రాసే సైట్ అది. రాసే భాష సాలిడిటీ. మెటామాస్క్ వాలెట్ పెట్టుకుని సెపోలియా అనే టెస్ట్ నెట్‌వర్క్ ఎంచుకోండి. అక్కడి ఈథర్‌కు విలువ లేదు, ఉచితంగా ఇస్తారు. ఈ వాలెట్‌లో నిజం డబ్బు ఎప్పుడూ పెట్టకండి. నాలుగు అడ్రస్‌లతో నాలుగు నెలల చిట్టీ చాలు.

మదనపల్లె_మాధవి
వారం పట్టింది. రాశాను, నడిచింది!

నాలుగు అడ్రస్‌లు, ఒక్కోటి నెలకు 0.01 టెస్ట్ ఈథర్. "నెల" అని పది నిమిషాలు పెట్టాను. మొదటి వాయిదా ఈథర్‌స్కాన్‌లో (ఇథీరియం లావాదేవీలు చూపించే సైట్) కనిపించినప్పుడు, ఏ టైముకు కట్టానో, ఎంత గ్యాస్ అయిందో అంతా బయటే ఉంది, ఎవరైనా చూడొచ్చు. అమ్మకు ఆ రోజుల్లో ఇది ఉండి ఉంటే అనుకుంటూ చాలాసేపు ఆ పేజీ చూస్తూ కూర్చున్నాను.

తెలుసుకున్నవి: పది నిమిషాలు గడిచినా కాంట్రాక్ట్ తనంతట తాను ఏమీ చేయదు. ఎవరో ఒకరు గ్యాస్ కట్టి పిలవాలి, అప్పుడే టైమ్ చూసుకుని పంచుతుంది. అలారం పెడితే లేస్తుందనుకున్నాను, అలా కాదు. ఇంకోటి, మాస్టారు చెప్పిన డావో సందు నా మొదటి కోడ్‌లో ఉంది! ముందు డబ్బు పంపి తర్వాత లెక్క మార్చాను. తిప్పి రాశాను.

కిరణ్ గారు అడిగింది కూడా చేసి చూశాను. రెండో అడ్రస్ మొదటి నెల పాట తీసుకుని ఆపేసింది. కాంట్రాక్ట్ ఎదురుచూస్తూ అలాగే ఉండిపోయింది.

లెక్కల_మాస్టారు
భేష్ తల్లీ. మన ఊళ్ళో అయితే జామీనుదారు ఉంటాడు, ఇల్లు తెలుసు, వాళ్ళ మామ తెలుసు. అడ్రస్‌కి మామ లేడు.

వైట్‌ఫీల్డ్_వాసు
అందుకే చెయిన్ మీద అప్పులన్నీ ఎక్కువగా తాకట్టుతోనే. ఇథీరియం మీద అప్పులిచ్చే మేకర్‌డావోలో మొదట్లో వంద డాలర్ల డాయ్ (డాలర్‌తో సమానంగా ఉంచే టోకెన్) కావాలంటే కనీసం నూట యాభై డాలర్ల ఈథర్ పెట్టాల్సి వచ్చేది. మీ చిట్టీలో కూడా చేరేటప్పుడే ప్రతి సభ్యుడూ మిగతా నెలల మొత్తాన్ని జామీనుగా వేయాలని రాయండి. ఆపేస్తే అందులోంచి కోత. పది లైన్లు చాలు.

సిల్క్‌బోర్డ్_శీను
మీ అన్నయ్య ఏమన్నాడు మాధవి గారూ?

మదనపల్లె_మాధవి
నాగరాజు గారి పోస్టూ అనూరాధ గారి లెక్కా చదివించాను. రెండు లక్షలు బ్యాంకులోనే ఉన్నాయి. పది వేలు మాత్రం పెడతానంటున్నాడు. ముందు టెస్ట్ ఈథర్‌తో నాకు ఒకసారి పంపి, ఆ 12 పదాలు కాగితం మీద రాసుకుని చూపించమన్నాను. ఆదివారం వస్తాడు.

వాసు గారూ, జామీను లైన్లు రాసేశాను, పనిచేస్తోంది. నిన్న రాత్రి వీడియో కాల్‌లో అమ్మకు మొత్తం చూపించాను. కట్టిన రసీదులు అందరికీ కనిపించడం బాగా నచ్చింది. తర్వాత జామీను సంగతి చెప్పాను. కాసేపు ఆగి, "నాలుగు నెలల డబ్బూ ముందే చేతిలో ఉంటే నేను చిట్టీ ఎందుకు వేస్తానే?" అంది.

దీనికి మీలో ఎవరైనా జవాబు రాయండి. శనివారం అమ్మ మళ్ళీ ఫోన్ చేస్తుంది.